స్టేడియం కోసం కౌన్సిల్ ఎన్నికల బరిలోకి: ఇంగ్లండ్‌లోని ఫుట్‌బాల్ అభిమానులకు సమగ్ర మార్గదర్శి

ఇంగ్లండ్‌లో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు కొత్త మైదానం కట్టుకోవాలన్నా, మూతపడిన పాత మైదానానికి తిరిగి రావాలన్నా ముందుగా స్థానిక కౌన్సిల్ ప్లానింగ్ కమిటీ (నిర్మాణ అనుమతులపై నిర్ణయించే కౌన్సిలర్ల సంఘం) అనుమతి కావాలి. ఆ కమిటీ కాదన్నప్పుడు అభిమానులే ఎన్నికల్లో నిలబడి పాలకపక్షం మీద ఒత్తిడి తేవచ్చు. దానికి కావలసిన సన్నాహం, పనులు చేయవలసిన వరుస, దారిలో ఎదురయ్యే పొరపాట్లు ఈ మార్గదర్శిలో ఉన్నాయి. ఇందులోని నియమాలు ఇంగ్లండ్‌కు సంబంధించినవి. స్కాట్లండ్, వేల్స్‌లలో కొన్ని వేరుగా ఉంటాయి.

ఇంగ్లండ్‌లో స్థిరపడి, స్థానిక క్లబ్బు అభిమాన సంఘాల్లో పనిచేస్తున్న తెలుగువారికి సంబంధించిన అంశాలను ఆయా చోట్ల విడిగా చెప్పాను.

1. పోటీ చేయవలసిన దశ వచ్చిందా అని తేల్చుకోవడం

ఎన్నికల్లో నిలబడటం ఆఖరి అస్త్రంగానే ఉండాలి. దరఖాస్తు ఇంకా పరిశీలనలో ఉండగా పోటీ ప్రకటిస్తే, అప్పటిదాకా తటస్థంగా ఉన్న కౌన్సిలర్లు కూడా ఎదురు తిరుగుతారు. అధికారులు మీతో మాట్లాడటానికి వెనుకాడతారు.

అనుమతి నిరాకరించి ఉంటే, క్లబ్బుకు సాధారణంగా ఆరు నెలల్లోగా కేంద్ర ప్రభుత్వ అప్పీళ్ల సంస్థ అయిన ప్లానింగ్ ఇన్‌స్పెక్టరేట్‌కు అప్పీలు చేసుకునే హక్కు ఉంటుంది. అప్పీలు గెలిచే అవకాశం బలంగా ఉంటే ఎన్నికల ఖర్చు, శ్రమ అవసరం లేకపోవచ్చు. సవరించిన పథకంతో మళ్లీ దరఖాస్తు చేయడం మరో మార్గం.

ఈ కింది ప్రశ్నలకు జవాబులు రాసుకున్న తరువాతే రెండో మెట్టు ఎక్కండి.

☐ నిరాకరణ ఉత్తర్వులో ఇచ్చిన కారణాలేమిటి? వాటిలో పథకాన్ని సవరించి తీర్చగలిగినవి ఎన్ని, రాజకీయ నిర్ణయంతో మాత్రమే మారేవి ఎన్ని?
☐ క్లబ్బు యాజమాన్యం నిజంగా ఆ స్థలాన్నే కోరుకుంటున్నదా, నిర్మాణానికి డబ్బు చూపగలదా?
☐ తదుపరి ఎన్నికలకు కనీసం ఆరు నెలల వ్యవధి ఉందా?
☐ ఎన్నికలు అసలు జరుగుతాయా? కౌన్సిళ్ల పునర్వ్యవస్థీకరణ కారణంగా 2025 మే నెలలో తొమ్మిది కౌన్సిళ్ల ఎన్నికలు వాయిదా పడ్డాయి.

రెండో ప్రశ్నను తేలికగా తీసుకోకండి. యజమాని పాత మైదానం అమ్ముకుని లాభం చూసుకోవాలనుకుంటున్నప్పుడు, అతని భూమి వ్యాపారానికి అభిమానులు ఓట్లు అడిగిపెట్టినట్టు అవుతుంది.

2. గెలుపు అంటే ఏమిటో ముందే నిర్ణయించుకోవడం

ఈ మార్గానికి అందరూ చూపే ఉదాహరణ చార్ల్‌టన్ అథ్లెటిక్ అభిమానులు పెట్టిన వ్యాలీ పార్టీ. 1985లో తమ మైదానం ద వ్యాలీని విడిచి సెల్‌హర్స్ట్ పార్కు అనే మరో క్లబ్బు మైదానంలో అద్దెకు ఆడుతున్న క్లబ్బు తిరిగి రావడానికి పెట్టుకున్న పథకాన్ని లండన్‌లోని గ్రీనిచ్ కౌన్సిల్ 1990 జనవరిలో తిరస్కరించింది. మూడు నెలల తరువాత మేలో జరిగిన ఎన్నికల్లో అభిమానులు 62 స్థానాల్లో 60 చోట్ల నిలబడ్డారు. వారికి 14,838 ఓట్లు, అంటే 10.9 శాతం వచ్చాయి. ఒక్క సీటు కూడా రాలేదు. అయినా ప్లానింగ్ కమిటీ అధ్యక్షుడు ఓడిపోయాడు, 1991లో కౌన్సిల్ అనుమతి ఇచ్చింది, 1992 డిసెంబర్ 5న క్లబ్బు ద వ్యాలీలో మళ్లీ ఆడింది.

ఇందులోని లెక్కను అర్థం చేసుకోవడం ముఖ్యం. ఒక వార్డులో పాలకపక్షం 300 ఓట్ల తేడాతో గెలుస్తుంటే, మీకు వచ్చే 400 ఓట్లలో 300కు మించి వారి ఓట్లే అయితే చాలు, వారు ఓడిపోతారు. మీరు గెలవనక్కరలేదు, మిమ్మల్ని కాదంటే తాము గెలవలేమని వారికి అర్థమైతే సరిపోతుంది.

అందుచేత మీ డిమాండును ఒకే వాక్యంలో, కౌన్సిల్ చట్టబద్ధంగా చేయగలిగిన పనిగా రాసుకోండి. “మాకు స్టేడియం కావాలి” అన్నది నినాదం మాత్రమే. “స్థానిక ప్రణాళిక సవరణలో ఫలానా స్థలాన్ని క్రీడా వినియోగానికి కేటాయించాలి” అన్నదాన్ని డిమాండు అనవచ్చు (స్థానిక ప్రణాళిక అంటే ఏ స్థలాన్ని దేనికి వాడాలో కౌన్సిల్ నిర్ణయించే పత్రం).

3. ప్లానింగ్ చట్టం నేర్చుకోవడం

చాలా అభిమాన సంఘాలు ఈ మెట్టును దాటవేసి నేరుగా కరపత్రాల దగ్గరకు వెళతాయి. నా అభిప్రాయంలో మొత్తం సన్నాహ కాలంలో సగం దీనికే ఇవ్వాలి, ఎందుకంటే గడప దగ్గర ఓటరు అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడి నుంచే వస్తాయి.

మొదటి సూత్రం: ప్లానింగ్ నిర్ణయాలు స్థానిక అభివృద్ధి ప్రణాళికకు అనుగుణంగా ఉండాలి, దానికి భిన్నంగా వెళ్లాలంటే తగిన ప్లానింగ్ కారణాలు ఉండాలి. 2004 నాటి ప్లానింగ్ చట్టం 38వ సెక్షన్ సారాంశం ఇదే. ట్రాఫిక్, పార్కింగ్, శబ్దం, పచ్చదనం నష్టపోవడం, చారిత్రక కట్టడాలపై ప్రభావం, ఉపాధి వంటివి అలాంటి కారణాలు. క్లబ్బుపై ప్రేమ, సంతకాల సంఖ్య, పక్కింటివారి ఆస్తి విలువ తగ్గడం వాటిలోకి రావు.

రెండో సూత్రం: స్థలాన్ని ప్రణాళికలోకి ఎక్కించడమే సగం విజయం. వింబుల్డన్‌లో గ్రేహౌండ్ (కుక్కల పందేల) స్టేడియం స్థలాన్ని లండన్‌లోని మెర్టన్ కౌన్సిల్ 2014 ప్రణాళికలో క్రీడా వినియోగానికి కేటాయించింది. 2015 డిసెంబరులో ఏఎఫ్‌సీ వింబుల్డన్ స్టేడియానికి అనుమతి ఇచ్చే నాటికి, అక్కడ క్రీడలు ఉండవచ్చా లేదా అన్న మౌలిక వాదం ముగిసిపోయింది. స్థానిక ప్రణాళిక సంప్రదింపులు ఎప్పుడు జరుగుతాయో కౌన్సిల్ ప్రకటించే కాలపట్టికలో చూసి, ఆ సమయానికి రాతపూర్వక అభ్యర్థనలు సిద్ధం చేసుకోండి.

మూడో సూత్రం: కౌన్సిల్ పైన కూడా అధికారులు ఉంటారు. లండన్‌లో పెద్ద పథకాలను మేయర్ తన పరిధిలోకి తీసుకోవచ్చు. వింబుల్డన్ పథకాన్ని 2016లో ఒక మేయర్ తీసుకుంటే, తరువాత వచ్చిన మేయర్ తిరిగి మెర్టన్‌కే అప్పగించారు. దేశవ్యాప్తంగా మంత్రికి కూడా ఆ అధికారం ఉంది. బ్రైటన్ క్లబ్బు ఫాల్మర్ స్టేడియానికి 2005లో మంత్రి ఇచ్చిన అనుమతిని ల్యూయిస్ జిల్లా కౌన్సిల్ హైకోర్టులో సవాలు చేయగా, ఉత్తర్వులోని పొరపాటు వల్ల అది రద్దయింది. 2007లో మళ్లీ అనుమతి వచ్చింది. స్టేడియం 2011లో మొదలైంది.

నాలుగోది, పార్టీలపై ఒత్తిడి తేవడానికి సంబంధించినది. ప్లానింగ్ కమిటీ సభ్యులు పార్టీ విప్ ప్రకారం ఓటు వేయకూడదన్నది స్థిరపడిన పద్ధతి. కనుక “మీ సభ్యులందరి చేత అవునని ఓటు వేయించండి” అని పార్టీ నాయకుడిని బహిరంగంగా అడగడం ఆయనను ఇబ్బందిలో పెట్టడమే కాక, రేపు వచ్చే అనుమతిని కోర్టులో ప్రశ్నించడానికి ఎదుటివారికి ఆధారం ఇస్తుంది. అడగదగినవి వేరే ఉన్నాయి: స్థల కేటాయింపు, కౌన్సిల్ భూమి లీజు, బస్సు, రోడ్డు సౌకర్యాలపై క్లబ్బుతో ఒప్పందం. భూమి విషయంలో, మార్కెట్ ధర కంటే తక్కువకు ఇవ్వడంపై 1972 స్థానిక పాలన చట్టం 123వ సెక్షన్ ఆంక్షలు ఉన్నాయని గుర్తుంచుకోండి.

పాత మైదానాన్ని కాపాడుకోవడమే ధ్యేయమైతే, 2011 స్థానికత చట్టం కింద దానిని సమాజానికి విలువైన ఆస్తిగా నమోదు చేయమని అడగవచ్చు. స్థానిక ఓటర్లు 21 మంది ఉన్న సంఘం కూడా ఈ దరఖాస్తు చేయగలదు. మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్బు ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానం 2013లో ఇలా నమోదైంది. ఈ నమోదు అమ్మకాన్ని పూర్తిగా ఆపజాలదు, కొంత కాలం నిలువరిస్తుంది.

4. ఏ కౌన్సిల్, ఏ వార్డు అన్నది ఎంచుకోవడం

జిల్లా, కౌంటీ అని రెండు అంచెల పాలన ఉన్న చోట స్టేడియం దరఖాస్తుపై నిర్ణయం జిల్లా కౌన్సిల్‌ది. రోడ్ల విషయం కౌంటీది. కౌంటీ ఎన్నికల్లో నిలబడి ప్లానింగ్ గురించి ప్రచారం చేస్తే పోయిన శ్రమ తిరిగి రాదు. మైదానం ఉన్న కౌన్సిలే అడ్డంకి కావాలని కూడా లేదు. ఫాల్మర్ స్థలంలో అధిక భాగం బ్రైటన్ నగర పరిధిలోనే ఉన్నా, అభ్యంతరం చెప్పింది పొరుగున ఉన్న ల్యూయిస్. అందుకే అక్కడి అభిమానులు 2006లో సీగల్స్ పార్టీని ల్యూయిస్‌పై గురిపెట్టి స్థాపించారు.

వార్డుల ఎంపికకు గత ఎన్నికల ఫలితాలను కౌన్సిల్ వెబ్‌సైటు నుంచి దించుకుని ఒక పట్టిక వేయండి. ప్రతి వార్డుకూ విజేత మెజారిటీ, మొత్తం ఓటర్లు, పోలైన శాతం, ఆ వార్డులో ఉన్న మీ సభ్యుల సంఖ్య, ప్లానింగ్ కమిటీ సభ్యులెవరైనా అక్కడ నిలబడుతున్నారా అన్న అంశాలు రాసుకోండి.

అన్ని వార్డుల్లోనూ నిలబడాలా, కొన్నింటిలోనేనా అన్నది కార్యకర్తల సంఖ్యను బట్టి ఉంటుంది. అంతటా నిలబడితే వార్తల్లో బరువు వస్తుంది. అయితే ప్రతి ఇంటికీ ఒక్క కరపత్రమైనా చేర్చలేని వార్డులో పేరు వేయించుకుంటే తక్కువ ఓట్లు వచ్చి, మరునాడు ఎదుటివారికి ఆయుధమవుతాయి. ముప్పై మంది కార్యకర్తలతో ఐదారు వార్డులకు మించి వెళ్లవద్దని నా సలహా.

మీకు అనుకూలంగా ఓటు వేసిన కౌన్సిలర్ ఉన్న వార్డులో పోటీ పెట్టకండి. పార్టీ ఏదైనా సరే, ఆయనను ఓడిస్తే మీతో నిలబడటం నష్టమని మిగిలినవారు నేర్చుకుంటారు.

సాధారణ ఎన్నికలకు ముందే ఖాళీ ఏర్పడితే ఉప ఎన్నిక మంచి కసరత్తు అవుతుంది. స్థానం ఖాళీ అయినప్పుడు ఇద్దరు ఓటర్లు రాతపూర్వకంగా కోరితే చాలు, ఎన్నిక జరపాలి. సాధారణ ఎన్నికలకు ఆరు నెలల ముందు మాత్రం ఇది వర్తించదు.

5. పార్టీ నమోదు

1990లో వ్యాలీ పార్టీకి ఎక్కడా నమోదు కావలసిన అవసరం రాలేదు. ఇప్పుడు బ్యాలెట్ పత్రంపై పార్టీ పేరు, చిహ్నం కనిపించాలంటే బ్రిటన్ ఎన్నికల సంఘమైన ఎలక్టోరల్ కమిషన్‌లో నమోదు తప్పనిసరి. నమోదు లేకపోతే అభ్యర్థి పేరు పక్కన “స్వతంత్ర” అన్న మాట ఉంటుంది, లేదా ఖాళీగా ఉంటుంది. స్టేడియం గురించి బ్యాలెట్ పత్రం మీద ఒక్క మాట కూడా కనబడని అభ్యర్థిత్వం సగం బలంతో పోరాడినట్టే కనుక, నమోదు చేయించడమే మేలు.

☐ పార్టీ నాయకుడు, నామినేటింగ్ అధికారి (పార్టీ తరఫున అభ్యర్థులను ధ్రువీకరించే వ్యక్తి), కోశాధికారి. ఒకరే రెండు పదవులు చేపట్టవచ్చు కాని మొత్తం మీద కనీసం ఇద్దరు ఉండాలి.
☐ పార్టీ నియమావళి, ఆర్థిక నిర్వహణ పత్రం.
☐ 150 పౌండ్ల రుసుము.
☐ పేరు, బ్యాలెట్ పత్రంపై వాడే వర్ణన పదబంధాలు (ఒక్కొక్కటి ఆరు పదాలకు మించకుండా), చిహ్నాలు.

పరిశీలనకు వారాలు పడుతుంది, అభ్యంతరాలు వస్తే ఇంకా ఆలస్యమవుతుంది. నామినేషన్ల గడువుకు కనీసం నాలుగు నెలల ముందే దరఖాస్తు పెట్టండి. చిన్న పార్టీ అనే విభాగంలో మాత్రం నమోదు కాకండి. ఆ విభాగం ఇంగ్లండ్‌లో పారిష్ కౌన్సిళ్ల (గ్రామ స్థాయి కౌన్సిళ్ల) వరకే పనికివస్తుంది.

క్లబ్బు చిహ్నాన్ని వాడాలంటే క్లబ్బు రాతపూర్వక అనుమతి తీసుకోండి. యాజమాన్యానికి, మీకు మధ్య కొంత దూరం ఉండటమే మంచిది కనుక, క్లబ్బు రంగులు వాడుకుని చిహ్నం వేరుగా గీయించుకోవడం ఇంకా శ్రేయస్కరం.

6. అభ్యర్థుల ఎంపిక

అభ్యర్థికి 18 ఏళ్లు నిండి ఉండాలి. బ్రిటిష్, ఐరిష్ పౌరులతో పాటు అర్హత గల కామన్‌వెల్త్ పౌరులు కూడా నిలబడవచ్చు. భారత పౌరసత్వం ఉన్న తెలుగువారు ఈ కోవలోకి వస్తారు. అయితే ఓటు హక్కుకు చెల్లుబాటయ్యే వీసా ఉంటే చాలు. పోటీకి శాశ్వత నివాస అనుమతి ఉండాలి. ఈ తేడా తెలియక చదువు వీసాపైనో, ఉద్యోగ వీసాపైనో ఉన్నవారిని అభ్యర్థులుగా ప్రకటించి వెనక్కి తీసుకోవలసిన పరిస్థితి తెచ్చుకోకండి. వారు ఓటర్లుగా నమోదై ప్రచారంలో పనిచేయవచ్చు.

స్థానికతకు సంబంధించి ఈ నాలుగింటిలో ఒకటి సరిపోవాలి: ఆ కౌన్సిల్ పరిధిలో ఓటరుగా ఉండటం, గత 12 నెలలుగా అక్కడ నివసించడం, 12 నెలలుగా యజమానిగానో అద్దెదారుగానో అక్కడ ఆస్తి కలిగి ఉండటం, 12 నెలలుగా ప్రధాన పని స్థలం అక్కడే కావడం. అభిమానులు ఊరూరా చెదిరి ఉంటారు కనుక నాలుగో అర్హత చాలామందికి ఉపయోగపడుతుంది.

ఆ కౌన్సిల్ ఉద్యోగులు పోటీకి అనర్హులు. కౌన్సిల్ నడిపే బడిలో పనిచేసే టీచర్లు, సహాయకులు కూడా దీని కిందికి రావచ్చు. ప్రతి అభ్యర్థినీ జీతం ఎవరు ఇస్తున్నారో అడగండి. గత ఐదేళ్లలో మూడు నెలలు లేదా అంతకు మించిన జైలు శిక్ష పడినవారు, అది అమలు నిలిపిన శిక్ష అయినా సరే, అనర్హులే. పాత మ్యాచ్ గొడవల కేసులు ఉన్న అభిమానిని ఈ విషయం మొహమాటం లేకుండా అడగాలి.

చట్టపరమైన అర్హత ఉన్నంత మాత్రాన మంచి అభ్యర్థి కాడు. స్టాండ్స్‌లో గట్టిగా అరిచే వ్యక్తి కంటే, ఆ వీధుల్లో పదేళ్లుగా ఉంటున్న నర్సు, దుకాణదారు, బడి పేరెంట్స్ సంఘంలో పనిచేసే తల్లి ఎక్కువ ఓట్లు తెస్తారు. సోషల్ మీడియాలో ప్రత్యర్థి జట్టు మీద రాసిన బూతు వ్యాఖ్యలు ఎన్నికల వారం పత్రికల్లోకి వస్తాయి, కాబట్టి ముందే చూసుకోండి.

7. నామినేషన్ పత్రాలు

గడువు పోలింగ్‌కు ముందు 19వ పనిదినం సాయంత్రం 4 గంటలు. ఆ తరువాత ఒక్క నిమిషం కూడా అంగీకరించరు. ఇక్కడ ధరావతు కట్టనక్కరలేదు. మన మునిసిపల్ ఎన్నికలకు అలవాటుపడినవారికి ఇది వింతగా తోస్తుంది.

☐ నామినేషన్ పత్రం, ఇంటి చిరునామా పత్రం, సాక్షి సంతకంతో సమ్మతి పత్రం.
☐ ఆ వార్డు ఓటర్లైన ఇద్దరి సంతకాలు: ప్రతిపాదించేవారు, బలపరిచేవారు.
☐ పార్టీ తరఫున అయితే నామినేటింగ్ అధికారి సంతకం చేసిన ధ్రువపత్రం, చిహ్నం కోరే పత్రం.
☐ ఎన్నికల ఏజెంట్ నియామక పత్రం (అభ్యర్థి తానే ఏజెంటుగా ఉండవచ్చు).

సంతకాలు పెట్టించే ముందే పత్రంలోని పేరు, వర్ణన పూర్తిగా నింపి ఉండాలి. ధ్రువపత్రం అనుమతించిన వర్ణన, నామినేషన్ పత్రంలోని వర్ణన అక్షరం తేడా లేకుండా సరిపోవాలి. సంతకం చేసినవారి ఓటరు సంఖ్యను తాజా జాబితాతో పోల్చి చూడండి.

తెలుగు పేర్ల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఇంటిపేరును పొడి అక్షరంగా రాసే అలవాటు ఇక్కడ పనికిరాదు; ఇంటిపేరు, ఇతర పేర్లు పూర్తిగా రాయాలి. బ్యాలెట్ పత్రంలో వరుస ఇంటిపేరు అక్షర క్రమంలో ఉంటుంది. వాడుకలో ఉన్న పేరు వేరే అయితే దానికి ప్రత్యేకమైన గడి ఉంది.

పత్రాలను గడువుకు ఒక వారం ముందే తీసుకెళ్లి ఎన్నికల కార్యాలయంలో అనధికారికంగా చూపించండి. చాలా కార్యాలయాలు ఈ సాయం చేస్తాయి. చివరి గంటలో తప్పు బయటపడితే మళ్లీ సంతకాల కోసం తిరిగే సమయం ఉండదు.

8. డబ్బు లెక్కలు

ప్రతి అభ్యర్థికీ వ్యయ పరిమితి ఉంటుంది: ఒక స్థిరమైన మొత్తానికి, ఓటరుకు ఇన్ని పెన్నీల చొప్పున కలిపి లెక్కిస్తారు. ఈ మొత్తాలు మారుతుంటాయి కనుక నామినేషన్ సమయంలో రిటర్నింగ్ అధికారి ఇచ్చే తాజా లెక్కనే పాటించండి. ఒకే వార్డులో మీ తరఫున ఇద్దరు ఉమ్మడిగా ప్రచారం చేస్తే ఒక్కొక్కరి పరిమితి నాలుగో వంతు, ముగ్గురు లేదా అంతకు మించితే మూడో వంతు తగ్గుతుంది.

కార్యకర్తల ఉచిత శ్రమ వ్యయంలోకి రాదు. క్లబ్బు తన జీతగాళ్లను మీకు పంపినా, ఉచితంగా ముద్రించి ఇచ్చినా, తగ్గింపు ధరకు హాలు ఇచ్చినా ఆ విలువ లెక్కలోకి వస్తుంది. ముందే కొని ఎన్నికల కాలంలో వాడిన బ్యానర్లు కూడా అంతే.

అభ్యర్థికి వచ్చే 50 పౌండ్లకు మించిన విరాళం, పార్టీకి వచ్చే 500 పౌండ్లకు మించిన విరాళం అనుమతించిన దాతల నుంచే రావాలి: బ్రిటన్ ఓటర్ల జాబితాలో ఉన్న వ్యక్తులు, అక్కడ నమోదై వ్యాపారం చేస్తున్న కంపెనీలు మొదలైనవారు. విజయవాడ నుంచో హైదరాబాద్ నుంచో బంధువు ప్రేమతో పంపే వంద పౌండ్లను అభ్యర్థి స్వీకరించకూడదు. అనుమతి లేని విరాళం 30 రోజుల్లో తిరిగి ఇచ్చేయాలి.

మ్యాచ్ రోజు డబ్బాలు పట్టుకుని నాణేలు సేకరించడం బాగుంటుంది కాని, పెద్ద నోట్లు వేసినవారి పేర్లు రాసుకునే పుస్తకం ఒకటి పక్కనే ఉండాలి.

9. ప్రచారం

స్థానిక ఎన్నికల్లో అభ్యర్థులకు ఉచిత తపాలా సౌకర్యం లేదు. కరపత్రాలను మనుషులే గడప గడపకూ చేర్చాలి. మిగతా చిన్న పార్టీల కంటే అభిమాన సంఘానికి బలం ఉండేది ఇక్కడే, ఎందుకంటే ప్రతి శనివారం ఒకచోట చేరే అలవాటు వారికి ముందే ఉంది.

మూడు కరపత్రాలు చాలు. మొదటిది పథకం ఏమిటో చెబుతుంది. రెండోది ఆ వార్డు కౌన్సిలర్ ఎలా ఓటు వేశాడో, కమిటీ సమావేశ నమోదుల ఆధారంగా, విశేషణాలు లేకుండా చెబుతుంది. మూడోది పోలింగ్ రోజు గుర్తు చేస్తుంది. ప్రతి ముద్రిత పత్రంపై ముద్రించినవారి, ప్రచురింపజేసినవారి పేరు, చిరునామా ఉండాలి. 2023 నవంబర్ నుంచి ఆన్‌లైన్ ప్రచార సామగ్రికి కూడా ప్రచురణకర్త వివరాలు తప్పనిసరి.

గడప దగ్గర ఎక్కువగా ఎదురయ్యేది ఫుట్‌బాల్ అంటే ఆసక్తి లేని ఓటరే. ఆయనకు క్లబ్బు గొప్పతనం చెప్పకండి. ఆయన ప్రశ్నకు జవాబు చెప్పండి.

“మ్యాచ్ రోజు మా వీధిలో కారు పెట్టుకోవడానికి చోటు ఉండదు” అంటే, నివాసుల పార్కింగ్ అనుమతుల మండలం గురించి, దాని ఖర్చు క్లబ్బు భరించేలా సెక్షన్ 106 ఒప్పందంలో (ప్లానింగ్ అనుమతితో పాటు కౌన్సిల్ కుదుర్చుకునే ఒప్పందం) షరతు పెట్టించవచ్చని వివరించండి. “జనం ఎలా వస్తారు?” అంటే, మ్యాచ్ టికెట్‌తోనే బస్సు, రైలు ప్రయాణం కలిపి ఇచ్చిన బ్రైటన్ క్లబ్బు పద్ధతిని చూపండి. “మా పన్ను డబ్బుతో కడతారా?” అన్నదానికి క్లబ్బు నిధుల వివరాలు కాగితం మీద ఉంటేనే మాట్లాడండి.

“చెత్త బండి రెండు వారాలకొకసారి వస్తోంది, దానికి మీరేం చేస్తారు?” అని అడుగుతారు. ఒకే అంశంపై నిలబడ్డామని ఒప్పుకుంటూనే, గెలిస్తే నాలుగేళ్లు వార్డు పని చేస్తామని చెప్పగలగాలి. అలా చెప్పలేని అభ్యర్థిని నిలబెట్టకపోవడమే న్యాయం.

పబ్‌లో సమావేశం పెట్టి ఓట్ల కోసం బీర్లు పోయించడం నేరం. ఓటు కోసం తిండి, పానీయం, వినోదం ఇవ్వడాన్ని ఎన్నికల చట్టం నిషేధిస్తుంది. ఉచిత మ్యాచ్ టికెట్లకు కూడా ఇదే ముప్పు ఉంది. ఎవరి పానీయానికి వారే డబ్బు ఇచ్చుకోవాలి.

10. ఓటు వేయించడం, పోలింగ్ రోజు

నమోదుకు చివరి గడువు పోలింగ్‌కు ముందు 12వ పనిదినం. పోస్టల్ ఓటు దరఖాస్తుకు 11వ పనిదినం సాయంత్రం 5 గంటలు. మ్యాచ్‌ల కోసం ఊళ్లు తిరిగే అభిమానులకు పోస్టల్ ఓటు ముందుగానే అలవాటు చేయండి. ప్రచారకులు ఇతరుల పోస్టల్ ఓట్ల కవర్లను చేతిలోకి తీసుకోకూడదు; ఇప్పుడిది నేరం.

2023 నుంచి పోలింగ్ కేంద్రంలో ఫొటో గుర్తింపు చూపాలి. పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు పనికివస్తాయి. క్లబ్బు సీజన్ టికెట్ కార్డు పనికిరాదు. ఇవేవీ లేనివారికి ఉచిత ఓటరు ధ్రువపత్రం ఉంది, దానికి గడువు ఆరో పనిదినం సాయంత్రం 5 గంటలు.

ముగ్గురిని ఎన్నుకునే వార్డుల్లో ఓటరు మూడు గుర్తులు వేయవచ్చు. మీరు ఒక్కరినే నిలబెడితే, “మీ మూడు ఓట్లలో ఒకటి మాకివ్వండి” అని అడగండి. తమ పార్టీని పూర్తిగా వదులుకోనక్కరలేదని తెలిసినప్పుడు ఓటరు సులభంగా ఒప్పుకుంటాడు. ఇక్కడ ముద్ర వేయరు, పెన్సిల్‌తో అడ్డగీతల గుర్తు పెడతారు. కొత్తగా ఓటు వేసే తెలుగువారికి ఈ మాట ముందే చెప్పండి.

11. తరచు జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు

సీజన్ టికెట్ల జాబితాను ప్రచారానికి వాడటం. క్లబ్బు సేకరించిన చిరునామాలను రాజకీయ ప్రచారానికి తీసుకుంటే సమాచార రక్షణ చట్టాన్ని ఉల్లంఘించినట్టే. అధికారికంగా అభ్యర్థి అయ్యాక ఆ వార్డు ఓటర్ల జాబితా ఉచితంగా లభిస్తుంది, దానినే వాడండి.

కౌన్సిలర్లపై వ్యక్తిగత ఆరోపణలు. అభ్యర్థి వ్యక్తిత్వం, నడవడి గురించి అబద్ధం ప్రచురించడం ఎన్నికల నేరం. కమిటీలో వేసిన ఓటును విమర్శించండి, ఓటు వెనక లంచం ఉందని అనకండి. అలాంటి పోస్టు ఎవరైనా పెట్టి ఉంటే వెంటనే తీసివేయించి, రాతపూర్వకంగా సవరణ ఇప్పించండి.

వీధి దీపాల స్తంభాలకు పోస్టర్లు. అనుమతి లేకుండా కట్టవద్దు. ఇంటి యజమాని ఒప్పుకున్న తోటలోనో కిటికీలోనో పెట్టి, పోలింగ్ ముగిసిన 14 రోజుల్లో తీసివేయండి.

ఎదుటి సంఘాన్ని శత్రువుగా చూడటం. మైదానం పక్క నివాసుల సంఘంతో ఎన్నికలకు ముందే కనీసం ఒకసారి కూర్చోండి. వారి అభ్యంతరాల్లో రెండింటికి క్లబ్బు చేత రాతపూర్వకంగా పరిష్కారం ఇప్పించగలిగితే, కమిటీ ముందు మీ బలం రెట్టింపవుతుంది.

12. ఫలితం వచ్చిన తరువాత

సీటు రాకపోతే, వారం తిరగకముందే వార్డులవారీ ఓట్ల పట్టికతో కొత్త నాయకత్వాన్ని కలవండి. ఆ సమావేశంలో అడగవలసింది సవరించిన పథకంపై అధికారులతో ముందస్తు చర్చలకు తేదీ మాత్రమే. క్లబ్బు దగ్గర సవరించిన పథకం ఆ రోజుకే సిద్ధంగా ఉండాలి, లేకపోతే ఎన్నికల ఒత్తిడి వేసవి సెలవుల్లో చల్లారిపోతుంది.

సీటు వస్తే ఇంకా జాగ్రత్త కావాలి. ముందుగా ఒక అభిప్రాయం వ్యక్తం చేసినంత మాత్రాన మనసు మూసుకున్నట్టు కాదని 2011 స్థానికత చట్టం 25వ సెక్షన్ చెబుతుంది. కాని స్టేడియం పేరుతోనే గెలిచిన వ్యక్తి ఆ దరఖాస్తుపై కమిటీలో ఓటు వేస్తే, వ్యతిరేకులు ఆరు వారాల్లోగా హైకోర్టులో సవాలు చేయడానికి దారి తెరుచుకుంటుంది. నా మాట వింటే, ఆ కమిటీలో సభ్యత్వమే తీసుకోకండి. వార్డు ప్రతినిధిగా కమిటీ ముందు మాట్లాడే అవకాశాన్ని వాడుకోండి. క్లబ్బులో ఉద్యోగం గాని, పెద్ద మొత్తంలో వాటాలు గాని ఉంటే ఆస్తిపాస్తుల నమోదులో ప్రకటించి, ఆ చర్చలో పాల్గొనకుండా ఉండాలి. దాచడం క్రిమినల్ నేరం.

గెలిచినా ఓడినా ప్రతి అభ్యర్థీ ఫలితం వెలువడిన 35 రోజుల్లోగా వ్యయ నివేదిక ఇవ్వాలి. ఒక్క పౌండు ఖర్చు కాకపోయినా సున్నా నివేదిక ఇవ్వాలి. సరఫరాదారుల బిల్లులు 21 రోజుల్లోగా చేరాలి, 28 రోజుల్లోగా చెల్లించాలి. పార్టీ నమోదులో ఉన్నంత కాలం ఏటా లెక్కలు సమర్పించడం, వివరాలను ధ్రువీకరించడం కోశాధికారి బాధ్యత. అనుమతి రాగానే చాలా సంఘాలకు పార్టీని రద్దు చేయాలనిపిస్తుంది. అనుమతితో పాటు పెట్టిన షరతులు తీరి, నిర్మాణం మొదలయ్యే వరకు నమోదును నిలిపి ఉంచడం మంచిది.